ముప్పావు గంట వెనకున్న మెషీన్

పోయిన వారం మనం కాలేజీ మూడో అంతస్తులో, క్లస్టర్ గది తలుపు దగ్గర ఆగాం. లోపల ఇనుప చట్రంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎనిమిది మెషీన్లు ఒకే జట్టుగా పనిచేస్తుంటాయి. వాటిలో మూడో నంబరు మెషీన్ ఫ్యాన్ ఆ పొద్దుటే పోయింది. గోదావరికి వరద వస్తే ఏ లంకలో ఏ ఊరికి నీళ్ళు ఎంతసేపట్లో చేరతాయో చెప్పే లెక్క ఆ మెషీన్‌లోనే నెల రోజులుగా ఆగకుండా నడుస్తోంది. ఆ లెక్క ఈ కాలేజీలోనే పరిశోధన చేస్తున్న కీర్తిప్రియది. మెషీన్ వేడెక్కి ఆగిపోయేలోపు దాన్ని నడుస్తుండగానే లేపి, కొత్తగా కొన్న ఎనిమిదో మెషీన్‌లో కూర్చోబెట్టాలి. అంత పెద్ద లెక్కకి ఇంకెక్కడా చోటు లేదు. చిక్కల్లా ఒకటే. ఈ మూడు వారాల్లో కొత్త మెషీన్‌లోకి పంపిన ప్రతి లెక్కా చేరిన మరుక్షణం చచ్చిపోయింది.

క్లస్టర్‌ని చూసుకునే ఉద్యోగం ఆశాజ్యోతిది. "ఇది కూడా పోయిందనుకోండి, రేపట్నించి మీరు రానక్కర్లేదండి," అని కాలేజీ కరెస్పాండెంట్ రత్నమాణిక్యం గారు ఫోన్లో చెప్పి పెట్టేశారు. సరిగ్గా అప్పుడే కీర్తిప్రియ తలుపు తోసుకుని వచ్చింది.

"బతికుందా?" అంది.

పలకరింపు లేదు. చెప్పులు కూడా విప్పలేదు. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదని గోల చేసి బోర్డు పెట్టించింది ఆవిడే.

"ఉందండి," అంది ఆశాజ్యోతి.

"ఎంతసేపుంటుంది?"

ఆశాజ్యోతి చట్రం వైపు చూసింది. మూడో నంబరు మెషీన్ పక్కరేకు ఊడదీసి, ఎదురుగా స్టూలు మీద టేబుల్ ఫ్యాన్ పెట్టి ఉంది. కాలేజీలో ఏసీలూ యూపీఎస్‌లూ చూసే టెక్నీషియన్ ఫిన్నీ, ఏసీ గాలి అటు మళ్ళేలా పెద్ద అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. అతను ఆశాజ్యోతి భర్త. పొద్దుట్నించీ అన్నం కూడా తినకుండా అక్కడే ఉన్నాడు.

"ఇలా అయితే ఒక గంట లాగుతుందండి," అన్నాడతను. "బయట ఎండ చూశారుగా. ఇంకాస్త వేడెక్కితే అదే ఆగిపోద్ది."

కీర్తిప్రియ కుర్చీ లాక్కుంది గానీ కూర్చోలేదు. "నిన్న నేనిచ్చిన చిన్న లెక్క ఏమైంది? అంతకుముందుది ఏమైంది? మీ చేతిలో పెట్టింది ఒక్కటైనా తిరిగొచ్చిందా? వానలు మొదలయ్యే లోపు ఇస్తానని అందరికీ మాటిచ్చాను. వరద దిగిపోయాక లంకలవాళ్ళకి నీళ్ళు వస్తాయని చెప్పమంటారా?"

ఆశాజ్యోతి తెర వైపు తిరిగింది. ఎదుటి మనిషి గొంతు పెరిగినప్పుడు తన గొంతు తగ్గిపోవడం ఆమెకి చిన్నప్పట్నించీ ఉన్నదే. దాన్ని కొందరు మర్యాద అనుకుంటారు, కొందరు తప్పు చేసిన భయం అనుకుంటారు. ఈ కాలేజీలో ఎక్కువమంది రెండోదే అనుకున్నారు.

ఆమె మూడు వారాలుగా చూడనిది లేదు. మెషీన్ మెమరీ చూసింది. వైర్లు మార్చి చూసింది. పాత మెషీన్లలోనూ కొత్తదానిలోనూ ఉన్న సాఫ్ట్‌వేర్ ఒక్కటేనా అని వరస వరసా పోల్చింది. అంతా ఒక్కటే. కొత్త మెషీన్‌లో మొదలుపెట్టిన లెక్క హాయిగా నడుస్తుంది. బయటినుంచి వచ్చిన లెక్క మాత్రం బతకదు.

ఈ మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి ప్రవీణ్ తన స్నేహితుల కంపెనీ చేత రాయించినది. అది నడుస్తున్న లెక్కని క్షణం పాటు గడ్డకట్టించి, దాని జ్ఞాపకాన్నంతా మూటగట్టి, మూట మీద ముద్ర వేసి అవతలి మెషీన్‌కి పంపుతుంది. పంపిన వెంటనే ఇక్కడ చెరిపేస్తుంది. అవతలి మెషీన్ ముద్ర చూసి, మూట విప్పి, ఆగిన చోటినుంచి లెక్కని నడిపించాలి. అది పుచ్చుకోకపోతే ఆ లెక్క ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. కాపీ ఒకటి దాచుకుందామంటే కీర్తిప్రియ లెక్కంత మూటకి స్టోరేజీలో జాగా లేదు. పోనీ ఎందుకు పుచ్చుకోలేదో చెబుతుందా అంటే అదీ లేదు. తెర మీద 'చెల్లదు' అన్న ఒక్క ముక్క పడుతుంది, అంతే.

మెట్ల మీద చప్పుడైంది. ముందు ప్రవీణ్ వచ్చాడు, వెనక రత్నమాణిక్యం గారు. ఆవిడ భీమవరం వైపు రాజుల ఇంటి ఆడపడుచు. ప్రవీణ్ ఆవిడ అన్నగారి కొడుకు. కాలేజీలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. రత్నమాణిక్యం గారికి కోపం పెరిగినకొద్దీ మర్యాద పెరుగుతుంది. మామూలప్పుడు ఆశాజ్యోతిని "అమ్మాయ్" అని పిలుస్తారు.

"ఏమండీ ఆశాజ్యోతి గారూ," అన్నారావిడ. "మార్చేశారాండి?"

"ఇంకా లేదండి."

"ఎందుకు లేదో అడగొచ్చాండి?"

ప్రవీణ్ అప్పటికే ఆమె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "లే. ఎంటర్ కొట్టడానికి ఇంత ఆలోచనేంటి?"

ఆశాజ్యోతి లేవలేదు. కీబోర్డు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కొడితే చచ్చిపోతుందండి."

"నువ్వు కొడితే చచ్చిపోతుంది. నేను కొడతాను."

"ఎవరు కొట్టినా కీ ఒకటేనండి."

కీర్తిప్రియ చటుక్కున తలెత్తి చూసింది. ప్రవీణ్ చెవులు ఎర్రబడ్డాయి. "చూశారాండి అత్తయ్యా, ఎలా మాట్లాడుతుందో? నేను ముందే అన్నాను. మూడు వారాలుగా దీని చేతిలో పడిన ప్రతిదీ పోతుంది, అడిగితే ఎదురు చెబుతుంది."

"దీని అనకండి ప్రవీణ్ బాబూ," అన్నారు రత్నమాణిక్యం గారు. ఆ మాటలో ఆశాజ్యోతి మీద జాలేమీ లేదు. "ఆవిడని చెప్పనివ్వండి. ఎందుకు చస్తుందండి?"

"నాకింకా తెలియదండి. తెలియకుండా పంపితే నెల రోజుల పని పోతుంది. ఒక్కటి చూడాలి, కాసేపు ఓపిక పట్టండి."

"వేడి పెరుగుతోంది," అన్నాడు ఫిన్నీ అట్ట వెనకనుంచి.

"చూడండి మరి," అన్నారావిడ. "మేం నిలబడే ఉంటాం."

నలుగురు మనుషుల చూపులు వీపు మీద పెట్టుకుని ఆశాజ్యోతి పని మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ ఆమె పాత మెషీన్లనుంచి కొత్తదానికే పంపి చూసింది. అవసరం అటువైపే గనక కొత్తదాన్నుంచి పాతవాటికి పంపాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు కొత్త మెషీన్‌లో ఒక పిల్లలెక్క పుట్టించింది. అది పెద్ద పనేమీ చెయ్యదు. తను ఎప్పుడు పుట్టిందో ఒక వాక్యంలో చెప్పి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టుకుంటూ పోతుంది. దాన్ని కాసేపు నడవనిచ్చి, అయిదో నంబరు మెషీన్‌కి పంపింది.

చెల్లదు.

"ఇంకోటి చంపింది," అన్నాడు ప్రవీణ్ నవ్వుతూ.

ఆశాజ్యోతికి మాత్రం మూడు వారాల్లో మొదటిసారి ఊపిరాడినట్టయింది. లోపం కొత్త మెషీన్ పుచ్చుకోవడంలో లేదు. పాతది కూడా దాని మూటని పుచ్చుకోవడం లేదు. అంటే మూటలో లోపమేమీ లేదు, ఒకరి ముద్ర ఒకరికి నచ్చడం లేదు. ముద్రలో ఉండేది ఎంత? ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఎప్పుడు పంపారు.

ఆమె తెర మీద వరసలు పైకి జరిపి, పిల్లలెక్క చెప్పిన మొదటి వాక్యం దగ్గర ఆగింది. చేతి కింద ఉన్న ఫోన్ తిప్పి చూసుకుంది. మళ్ళీ తెర చూసింది. ఇప్పుడే, ఇందరి ముందు పుట్టించిన లెక్క అది. అది పుట్టానని చెబుతున్న సమయానికి తను కింద క్యాంటీన్‌లో పెరుగన్నం డబ్బా మూత తీస్తోంది.

"కొత్త మెషీన్ గడియారం ముప్పావు గంట వెనక ఉందండి," అంది.

టేబుల్ ఫ్యాన్ ఒక్కటే గరగరలాడుతోంది.

"అయితే?" అన్నాడు ప్రవీణ్.

"మూట మీద వేసే ముద్ర అయిదు నిమిషాలే చెల్లుతుందండి, దొంగమూటలు రాకుండా. పాత మెషీన్ పంపితే కొత్తదానికి అది ఇంకా రాని సమయం. దొంగముద్ర అనుకుని పారేస్తుంది. కొత్తది పంపితే పాతవాటికి అది ఎప్పుడో గడిచిపోయిన సమయం. పాతబడిందని పారేస్తాయి. లెక్కల్లో ఏ లోపమూ లేదు. నా చేతిలోనూ లేదు."

చివరి మాట అనాలని ఆమె అనుకోలేదు. వచ్చేసింది.

"గడియారం వెనక్కి ఎందుకెళ్ళింది? బ్యాటరీ పోయిందా?" అంది కీర్తిప్రియ.

"దానంతట అది పోదండి. ఎనిమిదీ నెట్‌లో చూసుకుని సమయం సరిచేసుకుంటుంటాయి. దీనిలో ఆ ఏర్పాటు ఎవరో ఆపేశారు." ఆశాజ్యోతి ఇంకొన్ని మాటలు టైపు చేసి చూసింది. "మెషీన్ మొదటిసారి ఆన్ చేసిన రోజునే ఆపేశారు."

ఆ రోజు పూజ జరిగింది. ఆ రోజు ఆశాజ్యోతి కాలేజీకి రాలేదు. "మా ఇంటి పద్ధతిలో చేసుకుంటాం, మీకు ఇబ్బంది ఎందుకు," అని ఆమె అడక్కుండానే ప్రవీణ్ సెలవిచ్చాడు. లూథరన్ చర్చి బడిలో పాఠాలు చెప్పిన చిట్టియ్య మాస్టారి కూతురు ఆమె. సెలవు ఎందుకిచ్చారో అర్థం కానంత చిన్నపిల్ల కాదు. మరునాడు వచ్చేసరికి కొత్త మెషీన్ నుదుట గంధం, కుంకుమ ఉన్నాయి. మూడు వారాలుగా దుమ్ము తుడిచేటప్పుడల్లా ఆ బొట్టు చెరగకుండా చుట్టూ తుడుస్తున్నది ఆమే.

"అదన్నమాట," అన్నాడు ప్రవీణ్. గొంతు ఒక్కసారి మెత్తబడింది. "మేం పూజ చేసిన రోజునే చెడిపోయిందంటావు."

"పూజ మాట నేనెత్తలేదండి. గడియారం మాట చెప్పాను."

"రెండూ ఒకటే కదా. అత్తయ్యా, ఇంతకాలం ఈ మెషీన్ మీద ఈవిడకి ఎందుకు కక్షో నాకర్థం కాలేదండి. ఇప్పుడైంది. బొట్టు పెట్టిన వస్తువు గిట్టదు."

ఫిన్నీ చేతిలో అట్ట కదిలింది. "ప్రవీణ్ గారూ, ఆ మాట అనకండి."

"నువ్వు గాలి చూసుకో ఫిన్నీ."

ఆశాజ్యోతికి బొట్టు చుట్టూ తుడిచిన సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే దయ చూపించమని అడిగినట్టుంటుంది. మింగేసింది. రత్నమాణిక్యం గారి వైపు తిరిగి, "నేను చెప్పింది అబద్ధమైతే ఇప్పుడే తెలిసిపోతుందండి. మెషీన్ గడియారం, మీ ఫోన్, పక్కపక్కన పెట్టి చూడండి," అంది.

రత్నమాణిక్యం గారు ఫోన్ తియ్యలేదు. కొత్త మెషీన్ వైపు చూశారు.

"చూడక్కర్లేదండి," అన్నారు. "ఆ గడియారం వెనక్కి పెట్టించింది నేనే."

ప్రవీణ్ "అత్తయ్యా" అన్నాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"ఆ రోజు లారీ ఆలస్యంగా వచ్చిందండి. పెట్టె విప్పి వైర్లు తగిలించేసరికి ముహూర్తం దాటిపోయింది. మళ్ళీ మంచిరోజు రావాలంటే మూఢం వెళ్ళాలి. అంతవరకూ ఇంత ఖరీదైన వస్తువుని పెట్టెలో పెట్టుకుని కూర్చోలేంగా. మెషీన్‌కి దాని గడియారమే ప్రమాణం కదా, అందులో ముహూర్తం సమయం పెట్టి మొదలుపెట్టండి, దోషం లేదు అన్నారు పంతులుగారు. నాకూ బాగానే ఉందనిపించింది. ఒప్పుకున్నాను."

కీర్తిప్రియకి నవ్వొచ్చింది. అది ఏడుపుకి చాలా దగ్గరి నవ్వు. "నా నెల రోజుల పని... పంతులుగారు చెప్పారని..."

"నవ్వకండమ్మా," అన్నారు రత్నమాణిక్యం గారు. "రేపు మీ పెళ్ళికీ చూస్తారు."

"డెబ్బై దాటింది," అన్నాడు ఫిన్నీ. వేడి అంకె చూస్తూ చెప్పాడు. "ఏదో ఒకటి తొందరగా చెయ్యండి."

ఆశాజ్యోతి కుర్చీలో సర్దుకుంది. "గడియారం ఇప్పుడే ముందుకి జరుపుతాను. కానీ ఒక్కసారిగా జరిపితే, ఆ సమయం చూసుకుంటూ కొత్త మెషీన్‌లో నడుస్తున్న ప్రోగ్రాం తెగిపోతుంది."

"కుదరదు," అన్నాడు ప్రవీణ్.

ఆ ప్రోగ్రాం అతనిది. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో ముందే పసిగట్టి చెప్పేది. మెషీన్ వచ్చిన రోజునుంచీ దానిమీదే నడుస్తోంది. రేపు భీమవరంనుంచి రైతులూ మేత కంపెనీలవాళ్ళూ వస్తున్నారు, వాళ్ళకి చూపించాలి.

"నాది తెంపి ఆవిడది బతికిస్తావా? కొంచెం కొంచెంగా జరపొచ్చుగా?"

"కొంచెం కొంచెంగా జరిపితే రోజులు పడుతుందండి. మూడో నంబరు గంట కూడా లాగేట్టు లేదు."

"అత్తయ్యా, రేపు వచ్చేవాళ్ళు ఎవరో మీకు తెలుసు. లంకల్లో నీళ్ళ లెక్క మనకి రూపాయి తేదు."

కీర్తిప్రియ అతని వైపు ఒక్క అడుగు వేసింది. "మా అమ్మమ్మగారిది లంకే. వచ్చి ఒక్క వరదకి ఉండు, రూపాయి సంగతి అక్కడ మాట్లాడుకుందాం."

రత్నమాణిక్యం గారు ఇద్దరినీ పట్టించుకోలేదు. "ప్రవీణ్ బాబూ, మీది మళ్ళీ మొదలుపెడితే రేపటికి ఎంత వస్తుందండి?"

"సగం కూడా రాదండి."

"ఎంత వస్తే అంత చూపించండి." ఆవిడ ఆశాజ్యోతి వైపు తిరిగారు. "కానివ్వండి. మీరు చెప్పింది తప్పయితే రెండూ పోతాయి. గుర్తుంచుకోండి."

ఆశాజ్యోతి గడియారం జరిపింది. తెర మీద ప్రవీణ్ ప్రోగ్రాం వరస మధ్యలో తెగిపోయింది. అతను తెర చూడలేదు, ఆమెని చూస్తున్నాడు. ముందు ఒక పిల్లలెక్కని అయిదో నంబరునుంచి కొత్తదానికి పంపింది. అది వెళ్ళింది. వెళ్ళి అక్కడ అంకెలు పెట్టుకుంటూ కూర్చుంది. ఇక ఆగలేదు. కీర్తిప్రియ లెక్క నంబరు కొట్టి, ఒక్కసారి సరిచూసుకుని, ఎంటర్ నొక్కింది.

మూడో నంబరు మెషీన్‌లో లెక్క ఆగింది. అది చెప్పిన చివరి ఊరు ఊడిమూడి లంక. తర్వాత తెర ఖాళీ.

మూట పెద్దది. వెళ్ళడానికి టైము పడుతుందని ఆశాజ్యోతికి తెలుసు. ఇప్పుడా లెక్క ఎక్కడా లేదు. కీర్తిప్రియ కుర్చీ వీపు పట్టుకుని తెర మీదికి వంగింది. ప్రవీణ్ వాచీ చూసుకున్నాడు. కింద గ్రౌండ్‌లో ఎవరో బైక్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు.

ఖాళీ తెర మీద ఒక వరస పడింది. ఊడిమూడి లంక పక్క ఊరి పేరు, దాని ఎదురుగా నీళ్ళు చేరే సమయం. తర్వాత ఇంకో ఊరు. తర్వాత ఇంకోటి. కొత్త మెషీన్ తన పని తాను చేసుకుపోతోంది.

కీర్తిప్రియ కూర్చుంది. మొహం చేతుల్లో పెట్టుకుంది. తలెత్తాక మాత్రం ఆమె కళ్ళలో కృతజ్ఞత లేదు. "మూడు వారాలు," అంది. "గడియారం చూడ్డానికి మూడు వారాలు పట్టిందా మీకు?"

"అదే నా ప్రశ్న కూడానండి," అన్నారు రత్నమాణిక్యం గారు. "అన్నీ తెలిసిన మనిషి, ముందు గడియారమే ఎందుకు చూడలేదండి?"

"ఎవరూ ముట్టుకోనంతవరకూ దానిలో తేడా రాదండి. వెనక్కి పెట్టారని నాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే ఆ రోజే అయిపోయేది."

"చెప్పలేదా?" ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "పూజయిన సాయంత్రమే ప్రవీణ్‌తో అన్నానే, గడియారం మళ్ళీ సరిచేయించమని. 'చెప్పేశాను, వాళ్ళు చూసుకుంటారు' అన్నాడు."

అందరూ ప్రవీణ్ వైపు తిరిగారు. ఆశాజ్యోతి కూడా తిరిగింది. ఇన్నాళ్ళ అవమానానికీ జవాబు ఇప్పుడతని నోట రావాలి. తడబడతాడని చూసింది. అతను తడబడలేదు. తన ప్రోగ్రాం తెగినప్పుడు ఆమె మీద నిలిపిన చూపు ఇంకా తియ్యలేదు.

"నేను అబద్ధం చెప్పలేదండి అత్తయ్యా. ఈవిడకి చెప్పానని అనలేదు. వాళ్ళు చూసుకుంటారన్నాను." అతను గడ్డంతో చట్రం వైపు చూపించాడు. "ఫిన్నీకి చెప్పాను. అదే రోజు, ఇదే గదిలో. ముప్పావు గంట వెనక పెట్టాం, మీ ఆవిడకి చెప్పి సరిచేయించు అన్నాను. కాదేమో అడగండి."

ఆశాజ్యోతి నవ్వబోయింది. రోజూ ఒకే బండి మీద కోటిపల్లి బస్టాండ్ దాటి ఇద్దరూ కలిసి వస్తారు, కలిసి వెళతారు. ఈ మూడు వారాలూ ఆమె ఏ లెక్క ఎలా చచ్చిపోయిందో అతనికి దారంతా చెబుతూనే ఉంది. అతను వింటూనే ఉన్నాడు.

"ఏవండీ," అంది. "చెప్పండి, లేదని."

ఫిన్నీ అట్టముక్క కింద పెట్టాడు. వంగి టేబుల్ ఫ్యాన్ స్విచ్ ఆపాడు. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా వాటినే చూశాడు.

"చెప్పారండి," అన్నాడు. ఆ మాట ఆశాజ్యోతితో అనలేదు, రత్నమాణిక్యం గారితో అన్నాడు.

"మరి మీ ఆవిడకి చెప్పలేదేంటండి?"

అతను ప్రవీణ్ వైపు చూశాడు. అడగకూడనిది అడుగుతున్న మనిషి చూపు అది. ప్రవీణ్ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"ఫర్లేదు ఫిన్నీ," అన్నాడు. "ఇక దాచడం ఎందుకు? చెప్పు."